రెండు ముళ్ళు, ఒక్క మాట

గోడగడియారం అద్దాన్ని గోరుతో టక్‌టక్‌మని తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు టైము చూశాడు భీమారావు.

"ఆ గడియారానికి నోరుంటే ఈపాటికి మిమ్మల్ని తిట్టీసును," అంది అన్నమ్మ వంటింట్లోంచి.

తట్టకుండా ఏదీ చదవకూడదన్నది అతని వ్రతం. ఛత్తీస్‌గఢ్‌లో రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో, బ్రేకు సెక్షన్లో, గాలి గేజీల ముందు నిలబడి జీతం తిన్న మనిషి. గేజీలో ముల్లుకి కాస్త బద్ధకం ఉంటుందట, రావలసిన చోటికి నాలుగు వెంట్రుకల దూరంలో కునుకు తీస్తుందట. గోరుతో తడితే ఒళ్ళు విరుచుకుని అసలు చోటికి వచ్చి నిలబడుతుందట. రిటైరయ్యాక గేజీలు పోయాయి, గోరు మిగిలింది. జ్వరం చూసే థర్మామీటరును తడతాడు, గ్యాసు సిలిండరును తడతాడు, ఎండలో పెట్టిన అప్పడాలను తడతాడు. పెళ్ళిపీటల మీద తాళి కట్టబోతూ ఆ బిళ్ళను కూడా తట్టి చూశాడని కాలనీలో ఒక కథ ఉంది. ఆ కథను పుట్టించింది భీమారావే కాబట్టి నమ్మాల్సిన పని లేదు.

మనిషి పొట్టి. తల మీద రాలిపోయిన జుట్టంతా చెవుల్లో మొలిచినట్టుంటుంది. కుడిచేతి చూపుడువేలి గోరు పాత కొమ్ముదువ్వెన రంగులో మందంగా ఉంటుంది. ఉద్యోగం నాటి ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర పలచబడి అవతలి వెలుతురు కనబడుతున్నా అదే వేసుకుంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండదు, చిన్న స్పానరు ఉంటుంది.

ఇక కథలు. ధమ్‌తరీ చిన్నరైలు రోజుల్లో అభన్‌పూర్ దాటుతూండగా కిటికీలోంచి పనసకాయ బేరమాడి, దిగి, కొని, అక్కడే ఎవరింట్లోనో కూర వండించుకుని, తిని, చెయ్యి కడుక్కుని, అదే రైలు అదే పెట్టె ఎక్కాడట. బ్రేకు నూనె తాగిన కాలనీ దోమ ఒకటి ఎగురుతూ ఎగురుతూ గాల్లోనే ఠక్కున ఆగిపోయిందట. విన్నవాళ్ళు నవ్వుతారు, టీ ఇప్పిస్తారు, మళ్ళీ చెప్పమంటారు. కష్టం ఎక్కడొచ్చిందంటే, నిజం చెప్పినా నవ్వుతారు, టీ ఇప్పిస్తారు.

ఆ కష్టం నిన్న సాయంత్రం వచ్చిపడింది. ఊరికే రాలేదు, అంబాసిడర్ ఎక్కి వచ్చింది.

అంబాసిడర్ పక్కింటి నాగబాబుది. నాగబాబు కూడా బ్రేకు సెక్షనే. భీమారావు ఎంత వాగుడో నాగబాబు అంత మౌనం. భీమారావు కథ ముగించాక నాగబాబు "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" నమ్మినట్టో నమ్మనట్టో భీమారావుకి చివరిదాకా తెలియలేదు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే నాగబాబు వెళ్ళిపోయాడు. తెల్ల కారు ఇంటిముందు టార్పాలిన్ కప్పుకుని మిగిలింది.

ఇప్పుడు ఆ కారు నాగబాబు కూతురు పూర్ణిమకి కావాలి. అభన్‌పూర్ ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా వేశారు. ఒకరోజు పగలు డ్యూటీ, ఒకరోజు రాత్రి డ్యూటీ. బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఆటోలో పదిమంది మధ్య వేలాడటం. రైల్వే మైదానంలో తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే. ఆమె భర్త సందీప్ ధర్సీవాలో రోలింగ్ మిల్లులో పనిచేస్తాడు. నెమ్మదైన కుర్రాడు, కాని భయస్తుడు. కారును మెకానిక్ ఉమేష్‌కి చూపించాడు. ఉమేష్ బండి స్టార్టు చేసి, ఆయిల్ గేజీ చూసి, పెదవి విరిచాడు. ముల్లు అడుగునే పడుకుందన్నాడు. నూనె ఒత్తిడి లేని ఇంజను ఎప్పుడైనా పట్టేస్తుంది, తుక్కుకి ఇచ్చెయ్యమన్నాడు. గేజీని ఊడబీకి, ఇంజను వైపు కన్నానికి బోల్టు బిగించి పంపాడు.

"ఇంజను పాడవలేదు అల్లుడూ," అన్నాడు భీమారావు. "నా చెవికి తెలుసు కదా. గేజీయే అబద్ధం ఆడుతున్నాది. మంచి గేజీ పెట్టి చూడు."

సందీప్ నవ్వాడు. పాపం, వెటకారంగా కాదు. "మీ దోమ కూడా బాగానే ఎగిరింది కదా మావయ్యగారూ. ధమ్‌తరీ రోడ్డు మీద రాత్రిపూట ఇంజను పట్టేస్తే పూర్ణిమ ఒక్కర్తీ ఏం చేస్తుంది? రేపు సాయంత్రం మా మిల్లువైపు నుంచి తుక్కు కొనే కబాడీ ట్రక్కు వస్తుంది. చెప్పేశాను."

పూర్ణిమ టార్పాలిన్ మడతపెడుతూ, పెట్టిందే విప్పి మళ్ళీ పెడుతూ ఉండిపోయింది. భీమారావు జీవితంలో ఒకే ఒక్క నిజాన్ని ఎవరైనా నమ్మాల్సిన అవసరం పడింది, అది కాస్తా దోమ పక్కకి వెళ్ళి కూర్చుంది.

*

పొద్దున్నే సైకిలెక్కి ఫాఫాడీ దగ్గర స్పేర్ పార్టుల సందుకి పోయాడు. మోహనకృష్ణ దుకాణం అక్కడ. అతని తండ్రి కూడా రైల్వేయే. అందుకని భీమారావుకి ఆ దుకాణంలో స్టూలూ చనువూ రెండూ ఉన్నాయి.

"రండి రండి! పొద్దున్నే మంచి కథ పడితే గల్లా నిండుతాది."

"ఇవాళ కథ లేదురా. ఆయిల్ ప్రెజర్ గేజీలు తియ్యి."

మోహనకృష్ణ కంగారుపడ్డాడు. "ఒంట్లో బాలేదేటి బాబాయ్?"

గల్లా మీద పాతగుడ్డ పరిచి గేజీలు పేర్చాడు. మొదట కరెంటుతో నడిచేది చూపించాడు. తీగ ఒక్కటి లాగితే చాలు, నూనె కారు లోపలికి రాదు, చేతికి మసి అంటదు.

"ఇది చూసింది చెప్పదురా, విన్నది చెబుతాది," అన్నాడు భీమారావు దాన్ని పక్కకి జరుపుతూ. "ఇంజను దగ్గర ఒకడు చూస్తాడు, వాడు తీగకి చెబుతాడు, తీగ దీనికి చెబుతాది. మధ్యలో ఎక్కడ తుప్పు పట్టినా మాట మారిపోతాది. నాకు నూనె సొంతంగా గొట్టమెక్కి వచ్చి సాక్ష్యం చెప్పాల."

"అయితే మెకానికల్దే." ఇంకో నాలుగు పెట్టాడు. భీమారావు ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. ఒకదాని మీద ఒత్తిడి అంకెలు మూడొందల పౌన్ల దాకా ఉన్నాయి. నలభై పౌన్ల ఇంజనుకి అది ఏనుగుని తూచే కాటా మీద కందిపప్పు పొయ్యడం. అది వద్దు. ముల్లు తిరిగే చోటు డయలు నడుమకి రావాలి, చూపు ఆనాలి. మరొకదానికి సున్నా దగ్గర చిన్న మేకు ఉంది. "ముల్లు సున్నా మీద నిజంగా నిలబడిందో, మేకుకి ఆనుకుని నిద్రపోతున్నాదో ఎలా తెలుస్తాది?" అని దాన్నీ జరిపాడు. చివరికి మేకు లేనివి, వంద పౌన్ల దాకా అంకెలున్నవి రెండు మిగిలాయి. మోహనకృష్ణ అటక మీంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించి మూడోది తీశాడు. మూడింటి ముళ్ళూ సున్నా మీదే నిలబడ్డాయి. ముగ్గురూ పెళ్ళిచూపుల్లో కుర్రాళ్ళలా బుద్ధిగానే ఉన్నారు.

"ఇందులో నిజం చెప్పీవాడెవడో తేల్చాల. మూడూ పట్టుకెళ్తాను. రెండు తిరిగిస్తాను. నా సైకిలు ఇక్కడుంటాది."

"సైకిలెందుకు బాబాయ్, మీ మాట చాలదా?"

"చాలదు," అన్నాడు భీమారావు. అన్నాక తనకే చివుక్కుమంది.

*

కాలనీ చివర నీళ్ళట్యాంకు ఉంది. పొడుగు కాళ్ళ మీద ఆకాశంలో నిలబడ్డ సిమెంటు కుండ. పొద్దున నీళ్ళు వదలడం అయ్యాక, మళ్ళీ నింపి పైనుంచి చుక్కలు కారేదాకా తెస్తారు. ఆ నిండు కుండ కింద కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు భీమారావు. పక్కన రబ్బరు గొట్టం, క్లిప్పులు, గొట్టాలను కలిపే ఇత్తడి నిపుళ్ళు ఉన్న రేకుడబ్బా.

కుళాయికీ అంబాసిడర్‌కీ ఏం చుట్టరికం అనిపించవచ్చు. చుట్టరికం ఉంది. పది మీటర్ల ఎత్తున నిలబడ్డ నీళ్ళు కింద ఒక కిలో ఒత్తిడి చూపిస్తాయి. రైల్వేలో గాలిని కిలోల్లోనే కొలుస్తారు. కార్లవాళ్ళు పౌన్లలో కొలుస్తారు. ఒక కిలో అంటే పధ్నాలుగు పౌన్ల చిల్లర. ట్యాంకు నిండితే ఎత్తు ఇరవై మీటర్లు, అంటే రెండు కిలోలు, అంటే ఇరవై ఎనిమిది పౌన్లు. నీళ్ళకి కథలు రావు.

ఎత్తు ఇరవై మీటర్లని ఎలా తెలుసు? భీమారావు చెప్పే ప్రకారం, గద్ద ఒకటి అతని బనియను పట్టుకుని పైకి తీసుకుపోతే అక్కడినుంచి తాడు కిందికి వదిలాడు. నిజానికి పందెం కాసి నిచ్చెనమెట్లు ఎక్కింది నాగబాబు. కింద తాడు కొస పట్టుకుని "జాగ్రత్తరా, జాగ్రత్తరా" అని గొంతు చించుకుంది భీమారావు.

మొదటి గేజీ బిగించి కుళాయి తిప్పాడు. ముల్లు లేచింది. గోరుతో తట్టాడు. ఇరవై రెండు. "పిసినారి," అని విప్పేశాడు. రెండోది ఉత్సాహంగా ముప్పై అయిదుకి ఎగిరింది. తట్టినా దిగలేదు. "నువ్వు నా జాతివాడివి," అని దాన్నీ విప్పాడు. అటక మీది మూడోది మెల్లగా లేచి ఇరవై ఆరు దగ్గర ఆగింది. తట్టాడు. ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి ఇరవై ఎనిమిది మీద నిలబడింది. కుళాయి కట్టి, గొట్టం ఊడదీశాడు. ముల్లు తిన్నగా సున్నాకి వచ్చింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

"నువ్వు దొరికావురా," అన్నాడు భీమారావు. చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు అతని వెనక బిందెలతో వరసకట్టి చూస్తున్నారు. ఒకావిడ పక్కావిడతో, "ట్యాంకుకి జ్వరం చూస్తున్నాడే," అంది.

మిగిలిన రెండూ దుకాణంలో ఇచ్చి, నైలాను గొట్టం వద్దని రాగిగొట్టం ఏరి, డబ్బు కట్టి, సైకిలు విడిపించుకున్నాడు. వేడినూనెకి నైలాను మెత్తబడితే డ్రైవరు కాళ్ళ మీద కారుతుంది. కూర్చోబోయేది పూర్ణిమ.

*

ఎండ వాలేసరికి ట్రక్కు వచ్చేసింది. వెనక తుక్కు ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు, ఒక పాత బాయిలరు. డ్రైవరు హారన్ కొట్టి బీడీ వెలిగించాడు. బ్యాటరీ విప్పడానికి ఉమేష్ వచ్చాడు. ఉమేష్ ఛత్తీస్‌గఢీ కుర్రాడే అయినా తెలుగు కాలనీలో గోళీలాడి పెరిగాడు, తెలుగు తనకి తోచినట్టు మాట్లాడతాడు. పూర్ణిమ తెల్ల కోటు మడిచి చేతిమీద వేసుకుని గుమ్మంలో నిలబడింది. రాత్రి డ్యూటీకి బస్సు పట్టుకోవాలి.

"అల్లుడూ, ఒక్క చిన్నముక్క వినీ," అన్నాడు భీమారావు. "గేజీ బిగిస్తాను. ముల్లు అడుగునే ఉంటే నా చేత్తో నేనే ట్రక్కు ఎక్కిస్తాను."

సందీప్ ట్రక్కు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "కానివ్వండి."

బోల్టు విప్పి, రాగిగొట్టం బిగించి, గేజీని స్టీరింగు పక్కన తీగతో కట్టాడు భీమారావు. పూర్ణిమ కూర్చుని తాళం తిప్పింది. ఇంజను దగ్గి, దగ్గి, గొంతు సవరించుకుని అందుకుంది. బాగా వేడెక్కేదాకా ఉంచారు. తట్టి చూస్తే, ఊరికే తిరుగుతున్నప్పుడు ముల్లు పదిహేను మీద ఉంది. యాక్సిలరేటరు తొక్కమన్నాడు. నలభై మూడుకి ఎక్కింది.

"చూసేవా! నానేటన్నాను?"

ఉమేష్ తల లోపలికి దూర్చి చూసి నవ్వేశాడు. "చాచా, బజార్ మొత్తం తిరిగి నీలాంటి గేజీనే తెచ్చినవా? నేను చూసింది మూడు. ఎంత రేస్ ఇచ్చినా మూడే. ఇది నలభై మూడు చెప్తోంది. ఆ నలభై ఎక్కడికెళ్ళి వచ్చింది?"

ట్రక్కు డ్రైవరు కూడా నవ్వాడు. సందీప్ నవ్వలేదు, కాని ముఖం తిప్పుకున్నాడు. "చాల్లెండి మావయ్యగారూ. మీకు పూర్ణిమంటే ప్రేమ, నాకు తెలుసు. కాని ఇది రోడ్డు సంగతి."

భీమారావు గేజీ విప్పడానికి స్పానరు తీశాడు. కాలనీ పుట్టాక అతను వాదన మధ్యలో వదలడం అదే మొదలు. అంతలో చెవిలో ఏదో గుచ్చుకుంది.

"మూడా? అడుగున అన్నావు కదరా."

"పది దాకా నంబర్లున్న డయల్లో మూడంటే అడుగునే కదా చాచా."

"పది దాకానా?" భీమారావు వెనక్కి తిరిగాడు. "పూర్ణా, ఆ గేజీ ఏదమ్మా?"

"దేవుడి గూట్లో ఉంది బాబాయ్."

ఊడబీకిన గేజీని పారెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. దానిమీద నాగబాబు అంటించిన హనుమంతుడి బొమ్మ ఉంది. దేవుడు ఉన్నాడు కదా అని దేవుళ్ళ మధ్యే పెట్టి, రోజూ రెండు పువ్వులు వేస్తోంది. తెచ్చి ఇచ్చింది. డయలు కింది సగం ఆంజనేయస్వామి కొండ మోస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే భీమారావు ఆ గేజీని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. అతను కథ చెబుతూ చేతులు విసిరితే గేరు కర్రకి తగులుతోందని నాగబాబు అతన్ని ఎప్పుడూ వెనకసీట్లోనే కూర్చోబెట్టేవాడు.

రేకుడబ్బాలోంచి మూడుదారుల నిపులు తీసి, ఇంజను నుంచి వచ్చే ఒకే గొట్టానికి రెండు గేజీలూ పక్కపక్కన బిగించాడు. ఒకే నూనె, ఇద్దరు సాక్షులు.

"తొక్కమ్మా."

కొత్తది నలభై మూడు. పాతది మూడు.

"అదిగో!" అన్నాడు ఉమేష్.

భీమారావు గోరుతో ఈసారి తట్టలేదు. హనుమంతుడి తోక కొసన గోరు పెట్టి మెల్లగా గీకాడు. తోక లేచింది. దానికింద ఎర్రటి చిన్న అక్షరాలు. సందీప్ వంగి చదివాడు. చదివి, మళ్ళీ చదివాడు.

"కిలోలు," అన్నాడు నెమ్మదిగా. "ఇది కిలోల గేజీ. మా మిల్లులో నీళ్ళ పైపుల మీద ఇలాంటివే ఉంటాయి." అతని పెదవులు లెక్క కడుతూ కదిలాయి. "మూడు కిలోలంటే... నలభై మూడు పౌన్లు."

ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది.

"కాలు తియ్యి పూర్ణా," అన్నాడు సందీప్. రెండు ముళ్ళూ కలిసి దిగాయి. పదిహేను, ఒకటి. "తొక్కు." రెండూ కలిసి లేచాయి.

"అరే," అన్నాడు ఉమేష్ చెవి గోక్కుంటూ. "నాగబాబు చాచా రైలు గేజీ కారుకి పెట్టీసిండా! కారుకి పౌన్లే ఉంటాయనుకుని నేను..." లెంపలు వేసుకున్నాడు, ఎవరికి వేసుకున్నాడో తెలియదు గాని చూపు మాత్రం హనుమంతుడి మీద ఉంది.

నాగబాబు జన్మంతా గాలిని కిలోల్లో చదివిన మనిషి. సొంత కారు కొనుక్కున్నాక ఆ పౌన్ల భాష అతనికి పరాయిగా తోచి ఉంటుంది. తనకి తెలిసిన భాషలో చెప్పే గేజీని తెచ్చి బిగించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి. నిన్నటినుంచి తను అబద్ధాలకోరని తిడుతున్నది ఆ గేజీనే అని గుర్తొచ్చి, భీమారావు దాన్ని చొక్కా కొసతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

గోడవతలి నుంచి అన్నమ్మ అంతా చూస్తోంది. "మీరూ నాగబాబన్నయ్యా ఒక్క మాట మీద నిలబడ్డం ఇదే మొదలండి," అంది. అంటూనే కొంగు కళ్ళకి అద్దుకుంది.

సందీప్ ట్రక్కు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. డ్రైవరు విసుక్కుని, బీడీ పారేసి, వెనక బాయిలరు గడగడలాడుతుండగా సందు దాటిపోయాడు.

*

కారులో ఏ గేజీ ఉండాలన్న దగ్గర కాస్త వాదన జరిగింది. పూర్ణిమ నాన్నదే కావాలంది. భీమారావు ఒప్పుకోలేదు.

"దారిలో ఇంకో ఉమేష్ తగిలితే మళ్ళీ తుక్కే. రోడ్డు మీద అందరికీ తెలిసిన భాషే ఉండాల. కొత్తదే ఉంచు."

"మరి ఇది?"

"గూట్లో పెట్టుకో."

పూర్ణిమ ఆలోచించింది. గేజీని అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "మీ దగ్గర ఉంచండి బాబాయ్. మీరు కథ చెప్పినప్పుడు 'ఊఁ' అనడానికి ఒకళ్ళుండాలి కదా."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. తెల్ల కోటు వెనకసీట్లో పడేసింది. ఒకప్పుడు భీమారావు కూర్చున్న ఆ సీటు ఇప్పుడు ఖాళీ. సందీప్ అటూ ఇటూ చూసి, చెప్పులు దులిపి, ఆమె పక్కన ఎక్కాడు.

"నువ్వెక్కడికి?"

"మొదటిసారి కదా, అభన్‌పూర్ దాకా వస్తా. బస్సులో తిరిగొచ్చేస్తా."

"బస్సు దొరక్కపోతే?"

"దొరక్కపోతే మావయ్యగారిలాగే పనసకాయ వండించుకుంటా."

బండి కదిలింది. సందు మొగలో మలుపు తిరిగే ముందు ఆగింది. కారు వెనక అద్దంలోంచి భీమారావుకి స్పష్టంగా కనిపించింది. సందీప్ ముందుకి వంగి, గేజీ అద్దాన్ని వేలిగోరుతో టక్‌టక్‌మని తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు చూశాడు. చూసి పూర్ణిమతో ఏదో అన్నాడు. ఆమె తల ఊపింది. తెల్ల అంబాసిడర్ ధమ్‌తరీ రోడ్డు వైపు తిరిగిపోయింది.

భీమారావు ఇంటికి వచ్చాడు. గడియారం పక్కన మేకుకి గేజీని తగిలించాడు. దానికి వినిపిస్తూ గద్ద కథ ఎత్తుకున్నాడు. కథ మధ్యలో ఎందుకో ఆగి, "కాదులే, ట్యాంకు ఎక్కింది నువ్వే," అన్నాడు.

గోడ మీద, తోక లేచిపోయిన హనుమంతుడి పైన, వెనక ఏ ఇంజనూ లేని ఆ ముల్లు తిన్నగా సున్నా మీద నిలబడి వింటోంది.